పసుపు కొమ్ము వద్దన్న తీర్మానం

మీ ఇంట్లో చివరిసారి ఒకరిని మట్టిలో పెట్టినప్పుడు, ఆ గొయ్యి తవ్విన మనిషి ముఖం మీకు గుర్తుందా?

ఉండదు. దండలు ఎవరు తెచ్చారో గుర్తుంటుంది. ఎవరు రాలేదో ఇంకా బాగా గుర్తుంటుంది. పని ముగించి, పార భుజాన పెట్టుకుని పక్కకు తొలగి నిలబడ్డ మనిషి వైపు మాత్రం మనం చూడం. నేనూ చూడలేదు. పైగా నేను ఊరికే వచ్చి వెళ్ళినవాణ్ణి కాను. ఇరవై ఏళ్లకు పైగా ఆ శ్మశానానికి కార్యదర్శిని.

జంషెడ్‌పూర్‌లో బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లు దాటి ఖర్కాయి నది వైపు దిగితే మా నేల వస్తుంది. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పనికీ ఉక్కు పనికీ వచ్చిన కుటుంబాలు మావి. మాలో చాలామందికి కాల్చే అలవాటు లేదు, పాతిపెట్టడమే. నేల చిన్నది, చావులు ఆగవు. అందుకని పెట్టె లేదు, సిమెంటు లేదు, రాయి లేదు, పేరు లేదు. ఛాతీ లోతు గొయ్యి, తెల్ల నూలుబట్ట, మీద మట్టి. పన్నెండేళ్లు దాటాక అదే చోటు ఇంకొకరికి. ఈమధ్య పెద్ద ఊళ్లలో కొందరు దీన్ని ప్రకృతి ఖననం అని పిలుస్తూ, తామే కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు. మాకైతే చోటు చాలక మొదలైంది. దానికి సిద్ధాంతం తర్వాత అతికించారు. అతికించింది నేనే.

కమిటీ అంటే కాగితం మీద చాలామంది. నిజానికి నడిపేది ముగ్గురం. అధ్యక్షుడు ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. నేను తెలుగు బడిలో పంతులు పని చేసి దిగిపోయినవాణ్ణి. మూడో మనిషి పేరు కమిటీ పుస్తకంలో ఎక్కడా లేదు. గేటు పక్కన పెంకుటింట్లో ఉంటుంది. గోతులు తవ్వేది ఆమే. ముందు ఆమె మామ తవ్వాడు, తర్వాత మొగుడు తవ్వాడు, మొగుణ్ణి కూడా అక్కడే పెట్టి ఆమె తవ్వుతోంది. ఊరంతా ఆమెను అప్ప అనే పిలుస్తుంది. మా వైపు అక్కను అలాగే అంటాం. అక్క అని పిలిచి పార చేతికివ్వడం మాకు బాగా అలవాటు.

నేను కుర్రతనంలో చర్చావేదికల మీద పెరిగాను. ఎదుటివాడు నోరు తెరిచేలోగా జవాబు సిద్ధం చేసుకోవడం అక్కడే నేర్చుకున్నాను. ఆ నేర్పుతో శ్మశానంలో చాలా పనులు చేయించాను. ఒకప్పుడు కులానికో వరస ఉండేది, తీయించాను. కాంట్రాక్టులు చేసేవాళ్ళు తమ తండ్రులకు నున్నటి దిమ్మెలు కట్టడం మొదలుపెడితే ఆపించాను. గోతిలో ఉప్పు పోయడం మాన్పించాను. ఉప్పు విషయంలో అప్ప నా పక్షమే. "ఉప్పేత్తే గడ్డి కూడా మొలవదు మాస్టారూ, మట్టి సచ్చిపోతాది" అని సభలో ఆమే చెప్పింది. చప్పట్లు కొట్టారు. ఇవన్నీ సరైన పనులే. ఇప్పటికీ వాటిలో ఒక్కటి కూడా వెనక్కు తీసుకోను.

తర్వాత పసుపు దగ్గరికి వచ్చాను.

గొయ్యి పూడ్చాక అప్ప తల వైపు ఒక పచ్చి పసుపు కొమ్ము పాతేది. అత్త నేర్పిందట. నాకది ఒళ్ళు మంట. బతికినన్నాళ్లూ పసుపూ కుంకుమా అని వేధించింది చాలక చచ్చాక కూడానా? బడి హాల్లో సభ పెట్టి తీర్మానం ప్రవేశపెట్టాను. అరగంట మాట్లాడాను. శుభం, అశుభం, విధవ, ముత్తైదువ, అన్నీ ఏకిపారేశాను. చివర్లో అప్ప వెనక బెంచీ దగ్గర లేచి నిలబడింది.

"అది పూజకి కాదు మాస్టారూ, అది..."

"పూజకు కాకపోతే కూరకా అప్పా?" అన్నాను.

హాలంతా గొల్లుమంది. ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి కూర్చుంది. తీర్మానం ఏకగ్రీవం. పుస్తకంలో ఎర్రసిరాతో నేనే రాసుకున్నాను. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్తూ ఎంత సంతోషపడ్డానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అది జరిగి ఆరేళ్లు.

మొన్న చలికాలంలో అప్ప కమిటీ దగ్గరికి వచ్చింది. కమిటీ అంటే అధ్యక్షుడి వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, మేమిద్దరం. ఆమె మెట్టు మీద కూర్చుంది. ఒక్కగానొక్క కూతురు నది అవతల ఆదిత్యపూర్‌లో ఉంటుంది. అల్లుడు అక్కడే ఒక చిన్న యూనిట్‌లో లేత్ మిషను మీద పని చేస్తాడు. కూతురికి నెలలు నిండుతున్నాయి.

"పురుడుకి ఎల్లాలి బాబూ" అంది అధ్యక్షుడితో.

"ఎల్లు, ఎల్లు. పదిరోజులు సాలుతాదా?"

"పదిరోజులు కాదు. ఈ పని ఒగ్గీసి ఎల్పోదామనుకుంతన్నాను. మోకాళ్లు ఒంగట్లేదు. గోతిలోకి దిగితే పైకి రావడానికి ఇద్దరు సెయ్యి అందియ్యాలి. అల్లుడు నాకని గది ఏసేడు."

అధ్యక్షుడు టీ గ్లాసు కింద పెట్టాడు. "అరే, ఐసే కైసే, అదెలాగ? నువ్వెల్పోతే మా గతేటే అప్పా? రేపో మాపో నాను పోతాను. నన్నెవులు పెడతారు?"

"నాను తిరిగొచ్చీదాకా పోకండి మరి. మీకెప్పుడూ తొందరే."

అందరం నవ్వాం. నవ్వు అయ్యాక ఆయన గొంతు మార్చాడు. "అది కాదే. మీ మావగోరి కాడ్నుంచి మీ ఇంటి పనే గదా ఇది. ఎక్కడ తవ్వాలో, ఎక్కడ తవ్వకూడదో నీకు తెల్సినట్టు ఇంకెవులికి తెల్సు? నువ్వు మా కంప్యూటరువే."

ఆమె నా వైపు చూసింది.

పుట్టుకను బట్టి పని అంటగట్టడం మీద నేను రాసిన వ్యాసాలు ఒక పుస్తకానికి సరిపోతాయి. వంశపారంపర్యం అన్న మాట ఎక్కడ వినబడినా లేచి నిలబడేవాణ్ణి. ఆ వేళ ఎదురుగా, నా కాళ్ల దగ్గర మెట్టు మీద, ఆ మాట ఒక మనిషి మీద పడుతుంటే నేను ఏమన్నానో వినండి.

"ముందు పదిరోజులు వెళ్ళిరా అప్పా. తర్వాత చూద్దాం."

తర్వాత చూద్దాం! పెన్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినప్పుడు గుమాస్తాల నోట ఈ మాట వింటే నా రక్తం మరిగేది. ఆమె సరేనని తలూపి లేచింది, గోడ పట్టుకుని.

ఆమె వెళ్ళిన ఆరో రోజున రైల్వే కాలనీలో ఒక ముసలాయన పోయాడు. ఆ ఇంట్లో ఇద్దరు కొడుకులు. నేను ధీమాగానే ఉన్నాను. ఎందుకంటే నా దగ్గర నోటు పుస్తకం ఉంది. ఏ వరసలో, కంచె నుంచి ఎన్ని అడుగుల దూరంలో ఎవరిని పెట్టామో అన్నీ రాసి ఉంచాను. ఒక మనిషి జ్ఞాపకం మీద ఆధారపడకూడదు, కొలత మీద ఆధారపడాలి అని నేనే అధ్యక్షుడికి ఎన్నోసార్లు చెప్పాను. మూడో వరసలో తెరవదగిన పాత చోటు ఒకటి చూసి, కంచె నుంచి అడుగులు వేసి, గీత గీయించాను. ఇద్దరు కూలీలు దిగారు. మాఘమాసపు ఎండ. నేల మీద ఒక్క ఆకు లేదు.

మట్టి తేలిగ్గా తెగుతోందని కూలీలు సంతోషించారు. పాత గొయ్యి అయితే గట్టిపడి ఉండాలని నాకు తట్టలేదు.

నడుము లోతు దాటాక పార మీద ఒక నల్లటి వస్తువు వచ్చింది. కూలీ దాన్ని దులిపి గట్టు మీద పెట్టాడు. కళ్ళజోడు. ఒక అద్దం ఉంది, ఒకటి లేదు. కుడి కాడ విరిగితే రాగితీగ చుట్టి ఉంది.

ఆ తీగ చుట్టింది నేను. అది మా అమ్మ కళ్ళజోడు.

బట్ట తప్ప మరేదీ మట్టిలోకి పోకూడదన్న నియమం రాసింది నేనే. నాలుగేళ్ల క్రితం అమ్మను పెట్టినప్పుడు, అందరూ అటు తిరిగిన క్షణం చూసి, బట్ట మడత కిందికి ఆ కళ్ళజోడు తోశాను. అది లేకుండా ఆవిడ వాకిట్లోకి కూడా వెళ్ళేది కాదు. అంతే. ఇంతకు మించిన హేతువు నా దగ్గర అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మరి అమ్మ చోటు నాకు తెలియదా అని మీరు అడగవచ్చు. తెలియదు. అది నా పుస్తకంలో ఒక వరస, ఒక అంకె. అక్కడికి వెళ్ళి నిలబడడం బలహీనత అనుకుని నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

"ఆపండి" అన్నాను.

"ఏటయ్యింది మాస్టారూ?" పెద్ద కొడుకు దగ్గరికి వచ్చాడు. అధ్యక్షుడు వంగి చూశాడు. "ఎవులిదో కళ్ళజోడు! ఏటీ పెట్టకూడదని రూల్ గదా? ఎవుడ్రా ఈ దొంగపని సేసింది?"

శరీరం పదార్థమని, మట్టిలో కలిసిన దాని కోసం ఏడవడానికేమీ లేదని ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు. ఆ మాటలు అబద్ధం కావు. కానీ ఆ గట్టు మీద అవి నన్ను నిలబెట్టలేకపోయాయి. కంచెకు చేరగిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది, నిరుటి వరదకు గట్టు కోసుకుపోతే ఈ కంచెను మూడు బారలు లోపలికి జరిపామని. నా పుస్తకంలో అంకెలన్నీ పాత కంచెవి. ఒక్క అంకె కూడా తప్పు కాదు, ఒక్కటి కూడా పనికిరాదు.

అప్పకు ఫోన్ చేశాను.

"ఇప్పుడా మాస్టారూ? పిల్లని ఇప్పుడే లోపలికి తీసుకెల్నారు."

"తప్పు చోట తవ్వేశాం అప్పా."

ఆమె వెనక ఆసుపత్రి చప్పుడు వినబడుతోంది. "ఏటీ ముట్టుకోకండి. అలగే ఒగ్గీయండి. వత్తన్నాను."

రావద్దు, అక్కడే ఉండు అని ఒక్క మాట అనలేదు నేను. అనగలిగేవాణ్ణే. శవం ఎండలో ఉంది. దాని పక్కన కొడుకులిద్దరూ తువ్వాళ్లు నెత్తిన వేసుకుని కూర్చున్నారు. మాకు ఆమె కావాలి. అందుకే పిలిచాం.

ఆమె నది అవతల నుంచి ఆటోలో వచ్చింది. మా ముఖాలు చూడలేదు. గట్టు మీదున్న కళ్ళజోడు తీసుకుని, ఒక చెయ్యి కూలీ భుజం మీద వేసి గోతిలోకి దిగింది. వంగి, చేత్తోనే మట్టి జరిపి దాన్ని లోపల పెట్టింది. చేత్తోనే మట్టి కప్పింది. ఇద్దరు పట్టుకుని పైకి లాగారు. గొయ్యి పూడ్పించాక కంచె వైపు కూడా చూడకుండా నడిచి, ఒక చోట బొటనవేలితో గీత గీసింది. "ఇక్కడ."

గునపంతో జానెడు లోతు గీకగానే నేల పసుపుపచ్చగా తెగింది. పిడికిలంత గుత్తి బయటపడింది. ఆమె దాన్ని కొడుకులిద్దరికీ చూపించింది.

"ఇది మా మావ పాతింది. ఒక్క కొమ్ముంటే కొత్తోలు. నాలుగైదుంటే ఇంకా టైమవ్వలేదు. ఇలగ గుత్తి కట్టీసిందంటే లోపలంతా మట్టైపోయినట్టు. సలికాలంలో ఆకు సచ్చిపోయినా దుంప ఎక్కడికీ పోదు." తర్వాత నా వైపు తిరిగింది. "ఇది పూజకి కాదు మాస్టారూ."

ఆరేళ్ల కింద నేను నవ్వించి ఆపేసిన మాట ఇది. అది మూఢనమ్మకం కాదు. మా నేలకున్న ఒకే ఒక్క నమ్మదగిన పుస్తకం అది. ఎవరి తల ఎటు ఉందో, ఎన్నేళ్లైందో, చదువు రానివాళ్లు కూడా గీకి చూసి చెప్పగలిగిన పుస్తకం. హేతువు కోసం అరిచినవాణ్ణి హేతువునే తవ్వి పారేయించాను, చప్పట్ల మధ్య.

"మీరు వద్దన్న కాడ్నుంచి పెట్టినోల మీద ఏటీ లేదు. ఆలందరూ నా బుర్రలోనే ఉన్నారు. మరింక నానెక్కడికెల్తాను సెప్పండి?"

కోపంగా అనలేదు. వాన వస్తుందేమో అన్నట్టు అంది.

గొయ్యి సగమయ్యేసరికి ఆమె సంచీలో ఫోన్ మోగింది. నడుము లోతులో నిలబడి, మట్టి చేతులు చూపించి, "తియ్యండి మాస్టారూ" అంది. అల్లుడు. వాడికి తెలుగు వచ్చు, ఎప్పుడూ హిందీలోనే మాట్లాడతాడు. "అమ్మా, బేటీ హుయీ హై. ఆప్ కహాఁ హైఁ?"

ఎక్కడున్నారు అన్న ప్రశ్నను నా దగ్గరే ఉంచుకున్నాను. ఆడపిల్ల అని ఆమెతో చెప్పాను.

"తూకం ఎంతట?"

అడిగి చెప్పాను. ఆమె తలూపి మళ్ళీ పార వేసింది. రెండు పారల తర్వాత, "మనవరాల్ని సూడకముందు మీ అమ్మగార్ని సూసేను" అంది, నాకు మాత్రమే వినబడేలా.

అందరూ వెళ్ళాక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే అడిగాను, ఆ కళ్ళజోడు అమ్మదని ఎలా తెలిసిందని.

"ఆయేలే సూసేను. మీరు నాలుగేపులా సూసి దొంగనాగ పెట్టేరు."

"మరి రూల్ కదా అని అప్పుడే అడగలేదే?"

"అడిగితే మీరు ఉపన్యాసం సెప్తారు. నాకు ఆకలేత్తంది అప్పుడు."

తర్వాతి సభలో కళ్ళజోడు సంగతి నేనే చెప్పుకున్నాను. "అయితే ఆ దొంగవి నువ్వేనా" అని అధ్యక్షుడు తొడ చరుచుకుని నవ్వాడు. పసుపు తీర్మానం రద్దు చేశాం. రద్దయితే ఏమైంది? ఆరేళ్లలో పెట్టినవాళ్ల చోట్లు కాగితం మీదికి వాటంతట అవి రావు. మొదటి వానలకు ఆమె వెంట నడిచి, ఆమె చూపించిన చోటల్లా కొమ్ము పాతాలి. ఎవరైనా ఆ నేలను కాళ్లతో నేర్చుకోవాలి. ముఖ్యంగా ఎవరైనా పార పట్టాలి. అప్పుడుగానీ ఆమె గేటు దాటి వెళ్ళడం కుదరదు.

వాన పడ్డ మొదటి ఆదివారం రమ్మని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఊళ్లోనే సోనారి నుంచి ఒకాయన స్కూటర్ మీద వచ్చి, తన తండ్రి చోట కొమ్ము పాతించి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు. పక్కన ఎవరున్నారో అడగలేదు. ఇంకొకాయన గేటు దగ్గరే నిలబడి, "మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ పార పట్టలేదు మాస్టారూ" అన్నాడు. ఈ మనిషి నా సభల్లో ముందు వరసలో కూర్చుని, కులం పోవాలని నేనన్నప్పుడల్లా అందరికంటే ముందు చప్పట్లు కొట్టేవాడు. చచ్చినవాళ్ల మధ్య వరసలు తీసేసి మురిసిపోయాం. బతికున్న ఒక ఇంటి మీద మాత్రం రెండు తరాలుగా పార అలాగే ఉంచాం. దానికి తాళం వేయాల్సిన పని కూడా లేకపోయింది. నీ అంత తెలిసినవాళ్ళు లేరని పొగిడాం, సరిపోయింది.

ఇప్పుడు వానలు జోరుగా ఉన్నాయి. మనవరాలు కూర్చోవడం నేర్చింది. అప్ప ఆ సంగతి ఫోన్‌లో చూసి తెలుసుకుంది. నది అవతల ఆమె గది ఖాళీగా ఉంది. అల్లుడు అందులో సైకిల్ పెట్టుకుంటున్నాడు. ప్రతి ఆదివారం నేను వెళ్తున్నాను. ఇప్పటికి పద్నాలుగు చోట్లు నేర్చుకున్నాను, అందులో ఒకటి తప్పు చెప్పి తిట్లు తిన్నాను. ఈ వయసులో నేను గొయ్యి పూర్తిగా తవ్వలేను. సగం తవ్వగలను. మిగతా సగం ఇప్పటికీ ఆమే తవ్వుతోంది.

కాబట్టి ఇది చదివి తలూపకండి. నాకు చప్పట్లు అక్కర్లేదు, వాటితో నేను చేసిన పని చూశారు కదా. జంషెడ్‌పూర్‌లో ఉంటే వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి గేటు దగ్గరికి రండి. ఒక పచ్చి పసుపు కొమ్మూ, ఒక పారా తెచ్చుకోండి. మీవాళ్ల చోటు ఒక్కటే కాదు, ఆ పక్కనున్న ఇద్దరిదీ నేర్చుకుని వెళ్ళండి. తర్వాతి గోతిలోకి ఆమె కంటే ముందు మీరు దిగండి. వేరే ఊళ్లో ఉంటే మీ శ్మశానానికి వెళ్ళి, తవ్వే మనిషిని కూర్చోబెట్టి, ఈ పని మానేయాలని ఉందా అని అడగండి. ఉంది అంటే "తర్వాత చూద్దాం" అనకండి. ఆ చేతిలోంచి పార తీసుకోండి.